నాలుగు రాళ్లు వెనకేసుకోలేని బ్రిటన్

1810లో స్కాట్లాండ్ దక్షిణ కొసన, రూత్‌వెల్ అనే చిన్న పల్లెలో హెన్రీ డంకన్ అనే చర్చి పాస్టరు ఒక బ్యాంకు తెరిచాడు. అప్పట్లో అక్కడి బ్యాంకుల్లో ఖాతా తెరవాలంటే 10 పౌండ్లు చేతిలో ఉండాలి. పొలం కూలీలకూ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ అంత డబ్బు ఒక్కసారి కళ్లజూసే యోగమే లేదు. డంకన్ బ్యాంకులో ఆరు పెన్నీలు చాలు. పదేళ్లు తిరక్కుండానే ఇలాంటి పొదుపు బ్యాంకులు బ్రిటన్ అంతటా లేచాయి. 1861లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి దశాబ్దాల పాటు బళ్లో పిల్లలు సైతం పొదుపు స్టాంపులు కొని పుస్తకంలో అంటించుకునేవాళ్లు.

పేదవాడి ఆరు పెన్నీలకు బ్యాంకు తలుపు తెరిచిన ఆ దేశంలోనే ఇవాళ పరిస్థితి వేరు. ఆర్థిక సంస్థలను అదుపు చేసే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ 2024లో జరిపిన సర్వే ప్రకారం, పెద్దవాళ్లలో ప్రతి పదిమందికీ ఒకరి చేతిలో పొదుపు సొమ్ము అన్నదే లేదు. మరో 21 శాతం మందికి కష్టం వస్తే తీసుకోవడానికి ఉన్నది వెయ్యి పౌండ్ల లోపు. లండన్‌లో సగటు ప్రైవేటు అద్దె నెలకు 2,200 పౌండ్లు దాటిన రోజుల్లో, ఆ వెయ్యి రెండు వారాలు తలదాచుకోవడానికి కూడా చాలదు.

ఈ అంకెలు పేపర్లో వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది: వీళ్లకు దాచుకోవడం చేతకాదు, వచ్చింది వచ్చినట్టు తగలేస్తారు. బయట కొనుక్కునే కాఫీ, ఏటా స్పెయిన్ ప్రయాణం, వాయిదాల మీద ఫోను... అన్నీ సాక్ష్యాలే. అక్కడి పాతతరం వాళ్లు కుర్రకారును చూసి ఈ మాట అంటారు. స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో భోజనాల దగ్గర కూడా ఇది దొర్లుతూనే ఉంటుంది. దుబారా మనుషులు ఏ దేశంలోనైనా ఉంటారు, నిజమే. కానీ దాదాపు మూడోవంతు జనాన్ని ఆ గాటన కట్టెయ్యడం అన్యాయం. వాళ్ల జీతం చీటీ, అద్దె రసీదు, ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తరం పక్కపక్కన పెట్టి చూస్తే, దాచుకోకపోవడం చాలాసార్లు లెక్క బాగా తెలిసిన మనిషి తీసుకున్న నిర్ణయంలాగే కనిపిస్తుంది.

ముందు జీతం చీటీ. 2025-26లో 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 37.5 గంటల చొప్పున ఏడాది పొడుగునా పనిచేస్తే వచ్చేది 23,800. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ కోతలు పోగా నెలకు చేతిలో పడేది సుమారు 1,660 పౌండ్లు. అదే ఏడాది దేశం మొత్తం మీద సగటు ప్రైవేటు అద్దె నెలకు 1,300 దాటింది. ఒక్కరే ఇల్లు తీసుకుంటే మిగిలిన మూడొందల చిల్లరలోనే కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటిమీద స్థానిక సంస్థ వేసే పన్ను), కరెంటు, గ్యాసు, నీళ్లు, తిండి, బస్సు చార్జీలు సర్దుకోవాలి. అది ఎలాగూ కుదరదు కాబట్టి నలుగురైదుగురు కలిసి ఒక ఇంట్లో తలో గదిలో ఉంటారు. అలా ఇరుక్కుని ఉంటే నెలకు ఓ వంద మిగిలిందనుకుందాం. ఆ నెలలో పన్ను పీకించుకోవాల్సి వస్తే ప్రభుత్వ వైద్యంలోనే సుమారు 75 పౌండ్లు కట్టాలి. ఇంగ్లండ్‌లో డాక్టరు ఉచితం, పంటి డాక్టరు ఉచితం కాదు. వంద కాస్తా పాతికయింది. పై నెల బూట్లు చిరుగుతాయి.

ఇదంతా నెలనెలా ఒకే జీతం వచ్చేవాళ్ల సంగతి. జీరో అవర్స్ ఒప్పందాల మీద, అంటే ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ ఏదీ లేకుండా పనిచేసేవాళ్లు ఆ దేశంలో పది లక్షల పైమాటే. ఈ వారం 40 గంటలు పిలుస్తారు, వచ్చే వారం 12. అలాంటి మనిషి నెలకింత అని పక్కన పెట్టడం ఎలా మొదలుపెడతాడు? మంచి వారంలో దాచింది చెడ్డ వారంలో తినేస్తాడు. అది పొదుపే, కానీ నెలాఖరున ఖాతాలో కనబడదు.

నవంబరు సాయంత్రం, ప్రీపేమెంట్ మీటరున్న ఒక ఇల్లు ఊహించండి. డబ్బు ముందు వేస్తేనే కరెంటు. ఇంటావిడ రీచార్జి చేసే మీటరు తాళంచెవి పట్టుకుని సందు చివరి కొట్టుకెళ్లి పది పౌండ్లు వేయించుకొస్తుంది. తెచ్చి మీటర్లో పెట్టగానే అందులో సగందాకా ఎగిరిపోతుంది. నిన్న రాత్రి డబ్బయిపోయాక వాడుకున్న ఎమర్జెన్సీ క్రెడిట్ బాకీ ముందు పట్టుకుంటుంది, ఆపైన వాడినా వాడకపోయినా పడే రోజువారీ స్టాండింగ్ చార్జీ. మిగిలినదాంతోనే దీపాలు, వంట, వేడి. 2021 చలికాలంలో మామూలు ఇంటికి ఏడాది కరెంటు, గ్యాసు కలిపి 1,277 పౌండ్ల లెక్కన ఉన్న అధికారిక ధర పరిమితి, మరుసటి ఏడాది అక్టోబరుకల్లా ప్రభుత్వం సాయం చేశాక కూడా 2,500కు చేరింది. ఆ ఇంట్లో పొదుపు రోజూ జరుగుతూనే ఉంది. హీటరు ఆపేసి, పిల్లల్ని దుప్పట్లలో కూర్చోబెట్టి చేసే పొదుపు అది. దాన్ని ఏ బ్యాంకూ లెక్కలో వేసుకోదు.

పైగా చేతిలో డబ్బు లేనివాడికే ఖర్చు ఎక్కువ. కారు బీమా ఏడాదిది ఒకేసారి కట్టేస్తే ఒక ధర, నెలనెలా కడతానంటే చాలా కంపెనీల్లో పైన వడ్డీ. పనికి బస్సులు లేని ఊళ్లలో ఆ కారు తప్పించుకునే ఖర్చూ కాదు.

ఇక ప్రభుత్వం ఉత్తరం. ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, బయట అతి తక్కువ మందికి తెలిసిందీ ఇదే.

బ్రిటన్‌లో ఉద్యోగం లేనివాళ్లకూ జీతం చాలనివాళ్లకూ అందే ప్రధాన సాయం యూనివర్సల్ క్రెడిట్. దాన్ని అందుకునేవాళ్లు 75 లక్షలకు పైగా, అందులో సుమారు మూడోవంతు ఉద్యోగాలు చేస్తున్నవాళ్లే. దీనికి పొదుపు మీద ఒక నిబంధన ఉంది. దాచుకున్నది 6,000 పౌండ్లు దాటితే సాయంలో కోత మొదలు. 16,000 దాటితే సాయమే లేదు. మధ్యలో ఉన్నవాళ్లకు, 6,000 పైన ఉన్న ప్రతి 250 పౌండ్లకూ నెలకు 4.35 పౌండ్లు ఆదాయం వస్తున్నట్టు లెక్కగట్టి అంత తగ్గిస్తారు.

పదిహేనేళ్లు ఒక గోడౌనులో పనిచేసిన మనిషిని తీసుకుందాం. గోడౌను మూతపడింది, చేతిలో 10,000 పౌండ్లు ఉన్నాయి. ఆరువేలు పోగా పైన ఉన్న నాలుగువేలను 250తో భాగిస్తే పదహారు. పదహారు నాలుగు ముప్పైఅయిదులు 69.60. పాతికేళ్లు నిండిన ఒంటరి మనిషికి 2025-26లో నెలకు వచ్చే మూల భత్యం 400.14 పౌండ్లు. అందులోంచి 69.60 ప్రతి నెలా పోతుంది. ఏడాదికి 835 పౌండ్లు. అంటే ఆ నాలుగువేల మీద ఏటా 21 శాతం వడ్డీ వస్తోందని ప్రభుత్వం నమ్మినట్టు లెక్క. అలాంటి వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతా బ్రిటన్‌లో ఎక్కడా లేదు. పోనీ గబగబా ఖర్చు పెట్టేద్దామంటే, సాయం కోసమే కావాలని డబ్బు వదిలించుకున్నాడని అధికారి తేలిస్తే, ఆ డబ్బు ఇంకా చేతిలో ఉన్నట్టే లెక్క రాస్తారు. అప్పు తీర్చడానికి వాడితే మాత్రం ఫర్వాలేదు.

ఆ ఆరువేల గీత 2006 నుంచి కదల్లేదు. ఈలోగా ధరలు 70 శాతానికి పైగా పెరిగాయి. అప్పట్లో ఆరువేలు ఒక ఇంటికి ఎంత ధైర్యాన్నిచ్చేదో ఇప్పుడు అందులో సగం కాస్త పైన మాత్రమే ఇస్తుంది. కాబట్టి సాయం మీద బతికే ఇంట్లో పిల్లవాడి చదువుకనో, ఇల్లు మారాల్సి వస్తే కట్టాల్సిన ఐదు వారాల అద్దె డిపాజిట్‌కనో కూడబెడుతున్న తల్లికి చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: ఆరువేలు దాటనివ్వకు. ఆ సలహా తప్పని ఎవరనగలరు?

సంపాదన పెంచుకుని దాచుకోమనడం కూడా అంత తేలిక కాదు. పన్నులు కట్టే స్థాయిలో ఉండి ఈ సాయం కూడా అందుకుంటున్న మనిషి ఒక పౌండు ఎక్కువ సంపాదిస్తే, పన్ను, నేషనల్ ఇన్సూరెన్సు కలిపి 28 పెన్నీలు పోతాయి. మిగిలిన 72లో 55 శాతం సాయం కోత. చివరికి జేబులో పడేది 32 పెన్నీలు. శనివారం అదనంగా ఎనిమిది గంటలు గంటకు 12.21 చొప్పున పనిచేస్తే చేతికి వచ్చేది 32 పౌండ్ల లోపు. పిల్లల్ని చూసుకునే మనిషికి ఆ రోజు అంతకన్నా ఎక్కువే ఇచ్చుకోవాలి.

న్యాయంగా చెప్పాలంటే ప్రభుత్వం పక్కనే ఒక మంచి పథకం కూడా నడుపుతోంది. 2018 సెప్టెంబరులో వచ్చిన హెల్ప్ టు సేవ్‌లో నెలకు 50 పౌండ్ల వరకు వేసుకోవచ్చు, నాలుగేళ్లలో గరిష్ఠంగా 1,200 పౌండ్లు బోనస్. యాభై శాతం లాభం మరెక్కడా దొరకదు. అయినా అర్హుల్లో ఎక్కువమంది ఆ ఖాతా తెరవనే లేదు. నెలకు యాభై మిగలనివాడికి యాభై శాతం బోనస్ ఏం చేస్తుంది?

డబ్బు మిగిలినా దాచనివాళ్ల సంగతి వేరే. వీళ్లలో చాలామంది నలభై ఏళ్ల లోపువాళ్లు, ఓ మోస్తరు జీతాలవాళ్లు. 2009 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటును 0.5 శాతానికి దించింది. 2022 మే దాకా, పదమూడేళ్లపాటు, అది 0.75 దాటలేదు. 2009లో ఇరవై ఏళ్లున్న కుర్రవాడు ముప్పై మూడేళ్లవాడయ్యేదాకా బ్యాంకులో వేసిన డబ్బు పెరగడం అన్నది చూడలేదు. తీరా వడ్డీలు కదలడం మొదలైన ఏడాదే, 2022 అక్టోబరులో, ద్రవ్యోల్బణం 11.1 శాతానికి చేరింది. ఏడాది కింద వెయ్యి పౌండ్లకు వచ్చిన సరుకులకు ఇప్పుడు 1,111 కావాలి. తాతలు చెప్పే 'దాచుకుంటే పెరుగుతుంది' అన్న మాట ఆ తరానికి అనుభవంలోకి రాలేదు.

ఇల్లు కొనుక్కోవాలన్న ఆశ ఒకప్పుడు పొదుపుకు పెద్ద ఊపు. 1997లో ఇంగ్లండ్‌లో మధ్యస్థంగా ఉన్న ఇంటి ధర మధ్యస్థ వార్షిక జీతానికి మూడున్నర రెట్లు. 2024కు అది 7.7 రెట్లు. మూడు లక్షల పౌండ్ల ఇంటికి పది శాతం ముందు కట్టాలంటే 30,000 కావాలి. నెలకు 200 చొప్పున దాస్తే పన్నెండున్నరేళ్లు. ఈలోగా అద్దె కడుతూనే ఉండాలి, ఇంటి ధర పెరుగుతూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2012 నుంచి 2023 దాకా డిగ్రీలో చేరిన తరానికి, 2025-26 లెక్కన, జీతం 28,470 దాటాక ప్రతి పౌండులోనూ 9 పెన్నీలు విద్యారుణం కింద పోయేవి. పన్నెండేళ్లు పస్తులున్నా అందదని తేలిపోయిన ఇంటికోసం ఈ ఏడాది సెలవు ప్రయాణం మానుకోమంటే ఎవరు మానుకుంటారు? స్పెయిన్ టికెట్టు కొన్న కుర్రవాణ్ని తిట్టేముందు ఈ భాగాహారం ఒకసారి చేసి చూడాలి.

దీనికోసమే 2017లో లైఫ్‌టైమ్ ఐసా అనే ఖాతా తెచ్చారు. మొదటి ఇల్లు కొనేవాళ్లు దాచిన ప్రతి నాలుగు పౌండ్లకు ప్రభుత్వం ఒక పౌండు కలుపుతుంది. మంచిదే. కానీ మధ్యలో ఉద్యోగం పోయి తీసుకోవాల్సి వస్తే మొత్తం మీద 25 శాతం కోత. వెయ్యి వేస్తే 1,250 అవుతుంది, అందులో పాతిక శాతం పోతే చేతికొచ్చేది 937.50. ప్రభుత్వం ఇచ్చింది పోవడమే గాక సొంత డబ్బులో 62.50 కూడా పోయింది. ఇంటి ధర 4,50,000 పౌండ్లు దాటినా ఇదే శిక్ష, ఆ పరిమితి కూడా 2017 నుంచి అక్కడే ఉంది.

వయసు మళ్లినవాళ్ల నోట వినిపించే మాట ఇంకోటి: దాచి ఏం లాభం, చివరికి కేర్ హోమ్‌కే పోతుంది. ఇంగ్లండ్‌లో వృద్ధాశ్రమ సంరక్షణకు ప్రభుత్వ సాయం రావాలంటే ఆస్తి 23,250 పౌండ్లు దాటకూడదు. ఒంటరి మనిషి ఆశ్రమంలో చేరితే సాధారణంగా సొంతిల్లూ లెక్కలోకి వస్తుంది. అక్కడి ఖర్చు వారానికి వెయ్యి పౌండ్లు దాటడం మామూలే. జీవితాంతం కట్టే మొత్తానికి 86,000 పరిమితి పెడతామన్న ప్రణాళికను 2024 జులైలో రద్దు చేశారు. ఒకే వీధిలో, ఒకే జీతంతో బతికిన ఇద్దరిలో కడుపు కట్టుకుని దాచుకున్నావిడ ఇల్లు అమ్మి ఖర్చు భరిస్తుంది, దాచుకోనావిడకు కౌన్సిల్ భరిస్తుంది. రెండో ఆవిడకు సాయం అందడం తప్పు కాదు, అందాల్సిందే. మొదటి ఆవిడ పిల్లలు మాత్రం అది కళ్లారా చూసి పాఠం నేర్చుకుంటారు.

నమ్మకం దెబ్బతిన్న కథలూ ఉన్నాయి. 2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం బారులు తీరిన దృశ్యం చాలామందికి గుర్తు. నిజానికి పేద ఇళ్లను అంతకన్నా గట్టిగా తాకింది ఏడాది ముందు జరిగిన ఫేర్‌పాక్ పతనం. క్రిస్మస్ పండక్కి వారం వారం కొంత కట్టి, డిసెంబరులో తినుబండారాల బుట్టలుగానో, షాపు వోచర్లుగానో తీసుకునే ఏర్పాటు అది. ఎక్కువగా ఎదురింటావిడో స్నేహితురాలో ఏజెంటుగా వచ్చి వసూలు చేసేది. వడ్డీ లేదు, మధ్యలో తీసుకోవడం కష్టం. అదే దాని ఆకర్షణ: చేతికి అందనిచోట ఉంటేనే ఆ డబ్బు డిసెంబరు దాకా బతుకుతుందని వాళ్లకు తెలుసు. 2006 అక్టోబరులో కంపెనీ కూలింది. లక్షమందికి పైగా మనుషులు, సుమారు 3.7 కోట్ల పౌండ్లు. బ్యాంకు డిపాజిట్లకుండే రక్షణ దానికి లేదు. ఏడాదంతా దాచుకుని పండక్కి వట్టిచేతులతో మిగిలిన ఇల్లాలికి మళ్లీ పొదుపు గురించి ఉపన్యాసం చెప్పగల ధైర్యం ఎవరికుంటుంది?

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మన ఇళ్లలో డబ్బు వెనకేసేది ఎందుకు? ఆసుపత్రికి, పిల్లల చదువుకు, పెళ్లికి, ముసలితనానికి. బ్రిటన్‌లో 1948 జులై 5 నుంచి ఆసుపత్రి ఉచితం. చదువుకు రుణం ప్రభుత్వమే ఇస్తుంది. పెళ్లిళ్ల భారం చాలావరకు తల్లిదండ్రులది కాదు. ముసలితనానికి, 2025-26 లెక్కన, పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. మనల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని భయాల్ని ఆ సమాజం ఉమ్మడిగా పంచుకుంది. పొదుపు చేయకపోవడంలో కొంత భాగం ఆ భద్రత ఇచ్చిన నిశ్చింతే, దాన్ని తప్పుపట్టడానికి లేదు. చిక్కల్లా ఆ ఉమ్మడి భద్రత పలచబడుతున్నా, దాన్ని నమ్మి పెరిగిన అలవాటు అలాగే ఉండిపోవడం.

అదే ఊళ్లో, అదే ఆఫీసులో పనిచేసే తెలుగు కుటుంబం మాత్రం దాస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ప్రభుత్వ సాయాల్లో చాలావాటికి అర్హత లేదు. వైద్యానికి పెద్దవాళ్లకు తలకు ఏటా 1,035 పౌండ్లు, అదీ వీసా కాలం మొత్తానికి ముందే కట్టాలి. ఐదేళ్లకు భార్యాభర్తలకు 10,350 పౌండ్లు. ఉద్యోగం పోతే వీసాయే ప్రశ్నార్థకం. ఊళ్లో చదువు కోసం చేసిన అప్పు. ఇన్ని కత్తులు నెత్తిన వేలాడుతుంటే ఎవరైనా దాస్తారు. దీన్ని మన రక్తంలోని గుణంగా చెప్పుకోవడం సరికాదు. కింద వల లేనివాడు తాడు గట్టిగా పట్టుకుంటాడు. శాశ్వత నివాసం వచ్చాక సాయం అవసరమైన రోజున ఆ కుటుంబానికీ అదే ఆరువేల గీత ఎదురవుతుంది.

మన చీటీల్లాంటివి బ్రిటన్‌లోనూ ఉన్నాయని చాలామందికి తెలియదు. యుద్ధం తర్వాత జమైకా నుంచి వచ్చినవాళ్లు 'పార్డ్‌నర్' అనేదాన్ని వెంట తెచ్చుకున్నారు. పదిమంది వారం వారం ఒక 'హ్యాండ్' వేస్తారు, నమ్మకస్థులైన ఒకరు బ్యాంకరుగా ఉంటారు, వంతులవారీగా ఒక్కొక్కరు మొత్తం ఎత్తుకుంటారు. పాట లేదు, తరుగు లేదు. నల్లవాళ్లకు బ్యాంకులు ఇంటి రుణం ఇవ్వడానికి మొరాయించిన రోజుల్లో లండన్‌లోనూ బర్మింగ్‌హామ్‌లోనూ ఎన్నో కుటుంబాలు ఇంటి మొదటి కట్టుబడి ఇలాగే కూడగట్టాయి. గ్లాస్గో కార్మికవాడల్లో ఇలాంటిదే 'మెనాజ్' పేరుతో నడిచేది. చేతులు మారుతూ తిరిగే ఈ డబ్బు ఏ ఖాతాలోనూ నిలవ చూపించదు. కానీ ఆ వారం హ్యాండ్ వెయ్యకపోతే పక్కింటావిడ ముందు తలెత్తుకోలేమన్న పట్టింపు దాన్ని నడిపిస్తుంది.

జీతం నుంచి దానంతటదే కోసుకునే ఏర్పాటు ఉంటే మామూలు బ్రిటిషర్లు కూడా దాస్తారన్నది రుజువైంది. 2012 అక్టోబరు నుంచి యజమానులు 22 ఏళ్లు నిండి ఏడాదికి (ఇప్పటి లెక్కన) 10,000 పౌండ్లకు పైగా సంపాదించే ఉద్యోగుల్ని పెన్షన్‌లో తామే చేర్చాలి, వద్దనుకుంటే ఉద్యోగే బయటికి రావాలి. ఇప్పుడు యజమాని మూడు, ఉద్యోగి ఐదు, కలిపి 8 శాతం. కోటిమందికి పైగా అలా చేరారు, బయటికి వచ్చినవాళ్లు పదిమందిలో ఒకరు. అంతకుముందు దాచనివాళ్లే వీళ్లు. మనుషులు మారలేదు. అయితే ఆ డబ్బు కనీసం 55 ఏళ్లు నిండేదాకా ముట్టుకోవడానికి లేదు. ఈ శీతాకాలం బాయిలరు పాడైతే అది అక్కరకు రాదు.

చిన్నప్పటి నుంచే ప్రతి బిడ్డ పేరా కొంత ఉండాలని బ్రిటన్ ఒకసారి ప్రయత్నించింది. 2002 సెప్టెంబరు 1 నుంచి 2011 జనవరి 2 వరకు పుట్టిన పిల్లలకు చైల్డ్ ట్రస్ట్ ఫండ్ కింద ప్రభుత్వం చాలావరకు 250 పౌండ్లు వేసింది, పేద కుటుంబమైతే 500. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరూ తీయడానికి లేదు. 2010లో వచ్చిన ప్రభుత్వం ఖర్చు తగ్గింపు పేరుతో దాన్ని ఆపేసింది. పేదలు దాచినదానికి కొంత కలిపే సేవింగ్ గేట్‌వే పథకాన్ని మొదలవబోతుండగానే రద్దు చేసింది. చైల్డ్ ట్రస్ట్ ఫండ్ ఖాతాలు ఇంకా ఆరు లక్షలకు పైగా ఎవరూ తీసుకోకుండా పడి ఉన్నాయి, ఒక్కోదాంట్లో సగటున రెండువేల పౌండ్ల పైచిలుకు. తమ పేర డబ్బుందని ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ ఏళ్లలో అక్కడ పిల్లలు పుట్టి, చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పోషణకు ప్రభుత్వమిచ్చే భత్యం) అందుకున్న తెలుగు కుటుంబాలు కూడా పాత కాగితాలు ఒకసారి వెతుక్కోవాలి. ఆ పథకంలో చివరగా పుట్టినవాళ్లకు 2029 జనవరిలో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. 2011 జనవరి 2 కన్నా ఒక్కరోజు ఆలస్యంగా పుట్టిన బిడ్డ పేర ఏమీ లేదు.